బెజవాడ ఎండకు తట్టుకునే కిట్ కారు: ఇంజిన్ కూలింగ్ ఎలా కట్టాలి, ఎలా కాపాడాలి

ఛాసిస్ వెల్డింగై, ఇంజిన్ కూర్చుని, ఫైబర్ బాడీ కూడా తొడిగాక "ఇప్పుడు రేడియేటర్ ఎక్కడ పెడదాం" అని చోటు వెతికితే, ఆ బండి మే నెలలో ఆవిరి కక్కుతూ ఆగుతుంది. కిట్ కారులో, అంటే విడిభాగాలు తెచ్చి మనమే కట్టుకునే కారులో, కూలింగ్ చివర్లో తగిలించే సామాను కాదు. ముక్కు ఆకారం, బానెట్ ఎత్తు, ముందు పైపుల అమరిక అన్నీ గాలి దారిని బట్టి తేలాలి. అందుకే ఛాసిస్ ముందు భాగం వెల్డింగ్ చేయకముందే రేడియేటర్, ఫ్యాన్ కొని, హెడర్ ట్యాంకు (నీళ్ళు పోసే ఎత్తైన ట్యాంకు) చేయించి పక్కన పెట్టుకోండి. అట్టముక్కలు కోసి ఆ కొలతలతో ముందుభాగాన్ని ఒకసారి నిలబెట్టి చూసుకోండి.

ఇక్కడి కొలతలన్నీ లోటస్ సెవెన్ తరహా తేలిక బండికి, అంటే ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనక చక్రాలకు ఉన్నదానికి. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన ఆ కారును బ్రిటన్‌లో విడిభాగాలుగా కొని ఇంటి దగ్గర బిగించుకునేవారు. పూర్తి కారు మీద పడే పర్చేజ్ టాక్స్ విడిభాగాలకు పడేది కాదు. నేటికీ తిరిగే డ్రాయింగుల్లో చాలావరకు ఆ వంశానివే. మన దగ్గర దానికి సరిపోయేది మారుతి జిప్సీ కింగ్‌లోని 1298 సీసీ ఇంజిన్. దాని గేర్‌బాక్సూ, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ విడివిడిగా ఉంటాయి కాబట్టి, ట్రాన్స్‌ఫర్ కేసు తీసేసి వెనక యాక్సిల్‌కు నేరుగా షాఫ్టు వేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి. తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. పాత జిప్సీ ఆర్‌సీ చేతిలో ఉంది కదా అని ఆ నంబరుతో కొత్త ఛాసిస్‌ను బెంజ్ సర్కిల్‌లో తిప్పితే బండి పోతుంది. ఇన్సూరెన్సు కూడా నిలవదు. సొంత స్థలంలో, కాలేజీ గ్రౌండులో, లేదా లారీ మీద ఎక్కించి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్ళి నడుపుకోండి.

లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

పెట్రోలు మండగా పుట్టే వేడిలో ఇంచుమించు మూడోవంతు పనిగా మారుతుంది, మూడోవంతు సైలెన్సర్‌లో పోతుంది, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం నీళ్ళలోకి దిగుతుంది. ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలు ఇంజెక్షన్) జిప్సీ ఇంజిన్ సుమారు 80 హార్స్‌పవర్, అంటే 60 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు రేడియేటర్ కూడా దాదాపు అంత వేడినీ గాలిలోకి వదలాలి. రోడ్డు మీద అంత ఎప్పుడోగానీ వాడరు. ట్రాక్ మీద మాత్రం ప్రతి ల్యాపులోనూ వాడతారు.

రేడియేటర్ వదిలే వేడి నీళ్ళకీ గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీళ్ళు 90 డిగ్రీలు, బయట ఇంగ్లండు వేసవిలాగా 25 అయితే తేడా 65. మన దగ్గర రోహిణి కార్తెలో గాలి 45 డిగ్రీలు అనుకుంటే తేడా 45 మాత్రమే. అంటే అదే రేడియేటర్ ఇక్కడ 70 శాతం పనే చేస్తుంది. డ్రాయింగులో ఇచ్చిన రేడియేటర్ సరిగ్గా సరిపోయేదే అయితే, మనకు దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. పైగా సెవెన్ తరహా బండి ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది. అది పీల్చే గాలి తారురోడ్డు మీద కాలిన గాలి, వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత కంటే ఇంకా ఎక్కువ.

ఆ ఒకటిన్నర రెట్లు మందంలో కాకుండా వెడల్పు, ఎత్తుల్లో తెచ్చుకోండి. మందం పెంచితే ముందు వరస ట్యూబులు కాచిన గాలే వెనక వరసకు అందుతుంది, గాలి దూరడమూ కష్టమవుతుంది. ముక్కులో పట్టినంత వెడల్పు, 26 నుంచి 35 మి.మీ. మందం మంచి జోడు.

అల్యూమినియమా, రాగి-ఇత్తడా? ప్లాస్టిక్ ట్యాంకు నొక్కి బిగించిన అల్యూమినియం రేడియేటర్ తేలిక, చవక. కానీ ట్యాంకు పగిలితే మొత్తం మార్చాల్సిందే. రాగి-ఇత్తడిది బరువైనా, ఆటోనగర్ రేడియేటర్ షాపుల్లో టాంకా (సోల్డరింగ్) వేస్తారు, ట్యాంకులు విప్పి ట్యూబుల్లో రాడింగ్ కొడతారు (కడ్డీ దూర్చి గార తీస్తారు), కోర్ (ట్యూబులు, ఫిన్నులు ఉన్న మధ్య భాగం) ఒక్కటే మారుస్తారు. మీ ముక్కు కొలతకు కోర్ కట్టించుకోవడం కూడా అక్కడ కొత్త పనేమీ కాదు. మొదటిసారి కడుతున్నవారికి మా సలహా రాగి-ఇత్తడే. మొదటి ఏడాది దాన్ని కనీసం రెండుసార్లు విప్పాల్సి వస్తుంది.

గాలి దారి

వేడెక్కే కిట్ కార్లలో చాలావాటికి రేడియేటర్ చిన్నదై కాదు. గాలి దాని పక్కనుంచి జారిపోతూ ఉంటుంది. కోర్‌లోంచి దూరడం గాలికి కష్టం, పక్కన రెండు వేళ్ళ సందు ఉంటే అందులోంచి పోవడం సులువు.

ముక్కు రంధ్రం నుంచి రేడియేటర్ అంచు దాకా నాలుగువైపులా 1 మి.మీ. అల్యూమినియం రేకుతో గొట్టంలా కట్టండి. రేకు కోర్‌ను తాకే చోట డోర్ బీడింగ్ రబ్బరు అంటించండి. కట్టాక చీకట్లో ముక్కు లోపల టార్చి వేసి, బానెట్ వైపునుంచి చూడండి. కోర్ కాకుండా ఇంకెక్కడ వెలుగు కనబడినా అక్కడ గాలి పోతోందని లెక్క.

లోపలికి వచ్చే రంధ్రం కోర్ అంత పెద్దదిగా ఉండనక్కర్లేదు. గొట్టం సరిగా మూసి, క్రమంగా వెడల్పయితే కోర్ వైశాల్యంలో మూడోవంతు చాలు. గాలి నెమ్మదించి, ఒత్తిడి పెరిగి, కోర్ అంతటా సమానంగా దూరుతుంది. ఇంజిన్‌కు గాలి ఇవ్వాలని ముక్కు మొత్తం కోసేసినవాళ్ళు ఎక్కువ గాలి తెచ్చుకోరు, ఎక్కువ గాలి ఎదురుకొట్టించుకుంటారు.

బయటికి పోయే దారిని మాత్రం చాలామంది మరిచిపోతారు. లోపలికి వచ్చిన గాలి వేడెక్కి ఉబ్బుతుంది కాబట్టి పోయే దారి వచ్చే దారికంటే పెద్దదిగా ఉండాలి. బానెట్ కింద ఇంజిన్, మానిఫోల్డు, ఫుట్‌వెల్ గోడ అడ్డుపడి గాలి నిలిచిపోతే రేడియేటర్ ముందూ వెనకా ఒకే ఒత్తిడి అవుతుంది. అప్పుడు ఫ్యాన్ తిరిగినా గాలి కదలదు. రేడియేటర్ వెనకే బానెట్ పైన లూవర్లు (గాలి పోయే చీలికలు), బానెట్ పక్కల్లో తెరుపులు పెట్టండి. విండ్‌షీల్డు అడుగున మాత్రం రంధ్రాలు పెట్టకండి. అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి వేగంలో గాలి ఎదురు లోపలికే వస్తుంది. సందేహముంటే బానెట్ మీద బెత్తెడు ఊలు పోగులు టేపుతో అంటించి, పక్కన నడిచే బండిలోంచి వీడియో తీయండి. పోగు లోపలికి లాగుతున్న చోట రంధ్రం పెట్టకూడదు, పైకి లేచిన చోట పెట్టాలి.

రేడియేటర్‌ను ఛాసిస్‌కు బోల్టుతో నేరుగా బిగించకండి. పైపుల ఛాసిస్ గతుకుల్లో మెలితిరుగుతుంది, ఆ మెలి ట్యాంకు అతుకుల మీద పడి అక్కడే చెమ్మ మొదలవుతుంది. కింద రెండు రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టి, పైన రెండు బుష్‌లతో పట్టి ఉంచితే చాలు.

నీటి దారి

ఫ్యాక్టరీ కార్లలో రేడియేటర్ మూత సాధారణంగా ఇంజిన్ కంటే ఎత్తులో ఉంటుంది. సెవెన్ తరహా బండిలో ముక్కు పల్లం, ఇంజిన్ ఎత్తు. రేడియేటర్ మూత దగ్గరే నీళ్ళు పోస్తే సిలిండర్ హెడ్ పైన గాలి బుడగ నిలుస్తుంది. గేజ్ మామూలుగా చూపిస్తూనే హెడ్ లోపల మాడుతుంది. అందుకే హెడర్ ట్యాంకు తప్పదు.

లీటరు నుంచి లీటరున్నర పట్టే అల్యూమినియం ట్యాంకును ఆర్గాన్ వెల్డింగ్‌తో చేయించి, మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తైన చోట, ఫుట్‌వెల్ గోడ మీద బిగించండి. ప్రెషర్ మూత దీనికే ఉండాలి. రేడియేటర్ మెడకు స్ప్రింగులేని మామూలు మూత పెట్టి మూసేయండి. రేడియేటర్ పై మూల నుంచి ఒకటి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) హౌసింగ్ దగ్గర నుంచి ఒకటి, 6 మి.మీ. సన్న గొట్టాలు ట్యాంకు పైభాగంలోకి రావాలి. బుడగలు వాటిలోంచి వచ్చి చేరతాయి. ట్యాంకు అడుగు నుంచి 19 మి.మీ. హోసు వాటర్ బాడీ (నీళ్ళ పంపు) పీల్చుకునే వైపు, అంటే కింది హోసులోకి, టీ ముక్కతో కలపాలి. ఈ హోసు సన్నగా ఉంటే ఆర్‌పీఎమ్ పెరిగినప్పుడు పంపు దగ్గర ఒత్తిడి పడిపోయి నీళ్ళు అక్కడే ఆవిరి బుడగలవుతాయి.

మూత మీద 0.9 అని ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళే 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడితే ఆ పద్దెనిమిది డిగ్రీల రక్షణ పోతుంది. కొత్త మూతకు అయ్యే ఖర్చు హెడ్ గ్యాస్కెట్ మార్పించే ఖర్చు ముందు లెక్కలోకి రాదు. ప్రతి వేసవికీ ముందు మూత మార్చండి. ఒత్తిడి చాలట్లేదని 1.3 మూత తెచ్చి పాత రేడియేటర్‌కు పెట్టకండి, టాంకా ఊడుతుంది.

రేడియేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య పొడవాటి భాగాన్ని లోహపు పైపుతో, చివర్లు మాత్రం రబ్బరు హోసుతో కలపండి. ఇంజిన్ మౌంటింగుల మీద ఊగుతుంది కాబట్టి ప్రతి చివరా కనీసం 40 మి.మీ. ఖాళీ రబ్బరు ఉండాలి. పైపు చివర లేత్ షాపులో చుట్టూ చిన్న ఉబ్బు తీయించండి. అది లేని నున్నటి పైపు మీద హోస్ క్లిప్పు ఎంత బిగించినా వేడికి జారుతుంది. కింది హోసులో స్ప్రింగు ఉండి తీరాలి. లేకపోతే వేగంలో పంపు లాగుడుకు హోసు చప్పిడిపోతుంది, బండి ఆపి చూసేసరికి మళ్ళీ మామూలుగా కనబడుతుంది.

మనకు హీటర్ అక్కర్లేదు కదా అని దాని రెండు గొట్టాలనూ మూసేయకండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీళ్ళు తిరిగేది ఆ దారిలోనే. రెండింటినీ ఒక వంపు హోసుతో కలిపేయండి.

ఫ్యాను, వైర్లు, ఎర్తు

ఫ్యాను రేడియేటర్ వెనక నిలబడి లాగేది కావాలి. దాని చుట్టూ కోర్ మొత్తాన్ని కప్పే రేకు ష్రౌడ్ ఉండాలి, కోర్‌కూ రెక్కలకూ మధ్య 25 నుంచి 40 మి.మీ. ఎడం ఇవ్వండి. ష్రౌడ్ లేని 10 అంగుళాల ఫ్యాను తనకు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగాన్నే చల్లబరుస్తుంది, మిగతా కోర్ ఊరికే ఉంటుంది. బిగించాక ఒక కాగితం ముక్కను ముక్కువైపు నుంచి కోర్‌కు ఆనించండి. అది అంటుకుపోతే సరే. ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాను ఎదురు తిరుగుతోంది.

ఇలాంటి ఫ్యాను 10 నుంచి 12 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. దాన్ని స్విచ్ గుండా నేరుగా నడిపితే స్విచ్ కాలుతుంది, అందుకే మధ్యలో రిలే పెట్టండి. రిలే 30వ నంబరుకు బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ ఫ్యూజు గుండా, 87 ఫ్యానుకు, 86 ఫ్యూజున్న ఇంకో చిన్న లైనుకు, 85 థర్మో స్విచ్ (నీళ్ళ వేడికి దానంతటదే కలిసే స్విచ్) గుండా ఎర్తుకు. థర్మో స్విచ్‌కు ప్యారలల్‌గా డ్యాష్‌బోర్డు మీద ఒక చేతి స్విచ్ కలపండి. థర్మో స్విచ్ పాడైన రోజున ఇంటికి చేర్చేది అదే. ఫ్యాను లైనుకు 4 చదరపు మి.మీ. ఆటో వైరు వాడండి. థర్మో స్విచ్ ఇంజిన్ బయటికొచ్చే నీళ్ళలో ఉంటే 95 డిగ్రీలకు, రేడియేటర్ కింది ట్యాంకులో ఉంటే 88 దగ్గర వెలిగేది తీసుకోండి.

ఎర్తు విషయంలో కిట్ కార్లు ప్రత్యేకంగా దెబ్బతింటాయి. ఫైబర్ బాడీకి కరెంటు పారదు. ఫ్యాను ఎర్తు రేడియేటర్ బ్రాకెట్‌కు కడితే ఆ కరెంటు నీళ్ళలోంచి ఇంజిన్‌కు దారి వెతుక్కుంటుంది, కొన్ని నెలల్లో ట్యూబులకు సూది బెజ్జాలు పడతాయి. ఇంజిన్‌కు, ఛాసిస్‌కు, బ్యాటరీకి మధ్య మందపాటి ఎర్తు పట్టీలు వేయండి. తర్వాత మల్టీమీటర్ ఎర్ర ముల్లును హెడర్ ట్యాంకు గోడకు తగలకుండా కూలెంట్‌లో ముంచి, నల్లదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు ఆనించి, లైట్లు, ఫ్యాను ఒక్కొక్కటే వేసి చూడండి. 0.1 వోల్టు లోపల ఉంటే మంచిది. ఏదైనా వేసినప్పుడు 0.3 దాటితే దాని ఎర్తు చెడినట్టు.

టెంపరేచర్ సెండర్‌కు (గేజ్‌కు వేడి తెలిపే సెన్సార్‌కు) టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టకండి. ఒంటి వైరు సెండర్‌కు దాని మర చుట్లే ఎర్తు. టేపు చుడితే గేజ్ తక్కువ చూపిస్తుంది, మీరు అంతా చల్లగా ఉందనుకుంటారు.

థర్మోస్టాట్ పీకకండి

ఎండాకాలం రాగానే థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో ఆనవాయితీ. మేస్త్రీ ఎంత నమ్మకంగా చెప్పినా ఒప్పుకోకండి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని కింది పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొంత వేడి నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజిన్‌లోకి పోతుంది. ఉదయం పూటేమో ఇంజిన్ చాలాసేపు చల్లగా నడిచి, పెట్రోలు ఎక్కువ తాగి, ఆయిల్‌లో చెమ్మ చేర్చి, సిలిండర్ బోరు అరగదీస్తుంది.

అనుమానం ఉంటే పరీక్షించండి. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. 82 అని రాసున్నది 82 దగ్గర కదలడం మొదలుపెట్టి, 95 వచ్చేసరికి 8 మి.మీ. దాకా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు దాని చిన్న గాలి పిన్ను పైకి ఉండాలి.

నింపడం

బోరు నీళ్ళు వద్దు. మన వైపు బోర్లలో ఉప్పూ సున్నమూ ఎక్కువ, ట్యూబుల్లో గార కడుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. గడ్డకట్టే చలి మనకు లేదు కాబట్టి సగానికి సగం కూలెంట్ అవసరం లేదు. మూడోవంతు గ్లైకాల్ కూలెంట్, రెండొంతులు నీళ్ళు చాలు. నీళ్ళు గ్లైకాల్ కంటే ఎక్కువ వేడిని మోస్తాయి, కూలెంట్‌లోని తుప్పు మందు పనిచేయడానికి మూడోవంతు సరిపోతుంది. అయితే రెడీమిక్స్ డబ్బాలో మళ్ళీ నీళ్ళు కలపకండి. రెండు రకాల కూలెంట్లు కలపకండి, తుప్పు మందులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, ఒక్కోసారి జిగురు కూడా కడుతుంది.

ముందు చక్రాలను ర్యాంపు ఎక్కించి, హెడర్ ట్యాంకులో సన్నగా పోస్తూ రెండు హోసులనూ చేత్తో పిసుకుతూ ఉండండి. బుడగలు ఆగాక మూత లేకుండానే ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉంచండి. మట్టం పడినప్పుడల్లా పోయండి. పై హోసు వేడెక్కడం మొదలయ్యాక, మరగకముందే మూత పెట్టండి. పూర్తిగా చల్లారాక మట్టం ట్యాంకులో సగానికి ఉండాలి. పైన సగం ఖాళీ నీళ్ళు ఉబ్బడానికి. మరునాడు పొద్దున మళ్ళీ చూడండి, మొదటిసారి తప్పకుండా కాస్త దిగుతుంది.

వేడెక్కితే ఎక్కడ వెతకాలి

మొదటి పరీక్ష మిట్టమధ్యాహ్నం, కదలకుండా, అరగంట ఐడిలింగ్. ఫ్యాను వెలిగి, కాసేపటికి ఆరి, మళ్ళీ వెలగాలి. ఒకసారి వెలిగి ఆరకుండా తిరుగుతూనే ఉంటే గాలి చాలట్లేదు. చాలాసార్లు వేడిగాలే రేడియేటర్ పక్క సందులోంచి ముందుకొచ్చి మళ్ళీ లోపలికి పోతుంటుంది.

నిలబడ్డప్పుడు వేడెక్కి, పరుగెత్తితే తగ్గుతోందా? తప్పు ఫ్యాను, ష్రౌడ్, ఎర్తుల్లో ఉంది. నిలబడ్డప్పుడు బాగుండి వేగంలో ఎక్కుతోందా? అప్పుడు ఫ్యానును తిట్టి లాభం లేదు. గాలి బయటికి పోయే దారి, చప్పిడిపోయే కింది హోసు, గార పట్టిన ట్యూబులు, అరిగిన వాటర్ బాడీ రెక్కలు, ఈ వరసలో చూడండి. ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాల్లో గేజ్ కొంచెం పైకెక్కడం మాత్రం సహజం. నీళ్ళ తిరుగుడు ఆగి, హెడ్‌లో మిగిలిన వేడి బయటికొస్తుంది.

ఇన్ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే పని సులువు. రేడియేటర్‌లోకి వచ్చే హోసు, పోయే హోసు కొలవండి. బండి బరువు మీద నడుస్తున్నప్పుడు 5 నుంచి 10 డిగ్రీల తేడా మామూలు. తేడా 20 దాటితే నీళ్ళు తక్కువగా తిరుగుతున్నాయి. ఇంజిన్ వేడిగా ఉండి తేడా రెండు మూడే ఉంటే నీళ్ళు బాగానే తిరుగుతున్నాయి, గాలి అందట్లేదు. కోర్ మీద మధ్యలో చల్లటి పట్టీ కనబడితే అక్కడ ట్యూబులు మూసుకుపోయాయి, రాడింగ్‌కు పంపండి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే హోసు గట్టిపడి, ట్యాంకులో ఆగకుండా బుడగలొస్తే, లేదా డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలటీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్ దించినప్పుడు స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్‌తో వంపు చూడండి. 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ (అడుగు చదును) చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేయకండి, నెలలో మళ్ళీ దించాలి. కూలింగ్ అంతా సరిగ్గా ఉన్నా వేడెక్కుతుంటే టైమింగ్ వెనకబడిందా, బ్రేకులు పట్టుకుని ఉన్నాయా చూడండి.

దారిలో ఆవిరి వస్తే ఇంజిన్ ఆపి, చేతి స్విచ్‌తో ఫ్యాను తిప్పుతూ ఉంచండి. ముప్పావుగంట దాకా మూత ముట్టుకోకండి. తడిగుడ్డ వేసి తీస్తే ఏమవుతుందనే ధైర్యం వద్దు. ఒత్తిడి పోగానే లోపలి నీళ్ళు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి వస్తాయి. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగులుతుంది.

ఏడాది పొడవునా

వారానికోసారి చల్లటి ఇంజిన్ మీద మట్టం చూడండి. నెలకోసారి బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 మి.మీ. దిగాలి. గుంటూరు వైపు నడిపేవాళ్ళు కోర్ ముందు భాగాన్ని ఇంకా తరచుగా చూసుకోవాలి. జిన్నింగ్ మిల్లుల దగ్గర ఎగిరే పత్తి నూగు ఫిన్నుల మీద దుప్పటిలా పరుచుకుంటుంది. కాలవ గట్ల వెంట సాయంత్రాలు నడిపితే పురుగులు అతుక్కుంటాయి. వెనకనుంచి ముందుకు, మామూలు కుళాయి పైపుతో కడగండి. సర్వీసు సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్నులు వంగి, గాలి దారి మూసుకుపోతుంది.

రెండేళ్ళకోసారి, శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు కూలెంట్ మొత్తం దించి మార్చండి. దించిన కూలెంట్‌ను కాలవలోనో రోడ్డు పక్కనో పోయకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ నాకుతాయి, కొద్ది మోతాదే వాటి కిడ్నీలను చంపేస్తుంది. మూతున్న డబ్బాలో పట్టి, పైన "విషం" అని రాసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట అప్పగించండి. నేల మీద చిందినదాన్ని ఇసుక చల్లి ఎత్తేసి, ఆ చోటు నీళ్ళతో బాగా కడగండి.